నూకాలు గుండె చప్పుడు

పరాంకుశం గారిని సూటిగా అడిగితే సూటిగా జవాబు రాదని ఆ వైద్య కళాశాలలో అందరికీ తెలుసు. రోగం పేరు అడిగితే చెప్పేవారు, మందు సంగతి అడిగితే చెప్పేవారు. అంతకు మించి ఎవరైనా అడిగితే మాత్రం కళ్ళజోడు తీసి చొక్కా అంచుతో తుడుచుకుంటూ, ఎప్పుడో తాను చూసిన ఒక మనిషి గురించి మొదలుపెట్టేవారు. విన్నవాళ్ళు తమ జవాబు అందులో వెతుక్కోవలసిందే.

ఆ రోజు అడిగింది హిమజ. ఆయన దగ్గర పీజీ చేస్తోంది. గుండె లయ తప్పిన ఒక పెద్దాయనకు, గుండెలో గడ్డలు కట్టి అవి తలకు చేరకుండా, రక్తం గడ్డకట్టడాన్ని తగ్గించే మాత్రలు రాసింది. రాయవలసిందే రాసింది. ఆయన స్నానాల గదిలో కాలు జారి పడ్డాడు. పైకి కనిపించిన దెబ్బ చిన్నదే గానీ తల లోపల రక్తం ఆగలేదు. ప్రాణం పోయింది. శవాన్ని తీసుకెళ్తూ ఆయన భార్య హిమజ ముందు ఒక్క క్షణం ఆగి, "దెబ్బకి కాదటమ్మా, మీ మాత్రకి పోయారట," అంది. అరవలేదు, శపించలేదు. అలా అనేసి వెళ్ళిపోయింది.

మర్నాడు పొద్దున అదే జబ్బుతో ఇంకొకామె వార్డులో చేరింది. హిమజ ఆమెకు అన్ని మందులూ రాసింది, ఆ ఒక్కటి తప్ప. పరాంకుశం గారు కేస్ షీటు చూశారు. ఏమీ అనకుండా పక్క మంచానికి నడిచారు. అనలేదు కాబట్టే హిమజకు మరీ కష్టమనిపించింది. అందరూ వెళ్ళిపోయాక ఆయన గది గుమ్మంలో నిలబడి అడిగేసింది.

"సార్, దెబ్బ తగిలితే గడ్డకట్టడం రక్తానికి పుట్టుకతో వచ్చిన గుణం. మనిషిని బతికిస్తున్నదే అది. దాన్ని మనం చెడగొడుతున్నాం. ఇది కాపాడటమా, చంపడమా?"

"కూర్చోమ్మా," అని ఆయన కళ్ళజోడు తీశారు. ఆయన చెప్పిన సంగతి ఇది.

సముద్రపు ఒడ్డున ఒక జాలరిపేటలో దానయ్య, నూకాలు అని ఆలుమగలు ఉండేవారు. దానయ్య వేటకు వెళ్ళేవాడు, నూకాలు చేపలు అమ్మేది. చిన్నతనంలో వచ్చిన కీళ్ళ జ్వరం నూకాలు గుండెలోని కవాటాన్ని పాడుచేసింది. పెళ్ళయిన కొన్నేళ్ళకు గంప నెత్తిన పెట్టుకుని నాలుగడుగులు వేస్తే ఆయాసం వచ్చేది. పెద్దాస్పత్రిలో గుండె తెరిచి, పాడైనదాన్ని తీసేసి లోహపు కవాటం అమర్చారు. ఇల్లు సద్దుమణిగినప్పుడు ఆమె పక్కన కూర్చుంటే టిక్కు, టిక్కు అని వినబడేది. నూకాలుకు అది నవ్వులాట. "గెడియారం కొనక్కర్లేదు మావా మనకి," అనేది. దానయ్యకు మాత్రం ఆ చప్పుడంటే గిట్టేది కాదు. పెళ్ళాం గుండెలో ఎవరో పరాయివాడు తిష్ట వేసినట్టుండేది.

ఆస్పత్రి నుంచి పంపేటప్పుడు పరాంకుశం గారే వాళ్ళిద్దరినీ కూర్చోబెట్టి చెప్పారు. "ఒంటికి గాయమైతే రక్తం అక్కడికి వచ్చి గడ్డకట్టి కన్నం పూడుస్తుంది. దానికి తెలిసిన పని అదే. గుండెలో పెట్టిన ఈ లోహం కూడా దానికి గాయంలాగే తోస్తుంది. మేలు చేస్తున్నాననుకుని దాన్నీ పూడ్చేయబోతుంది. అలా జరక్కుండా ఈ మాత్ర. ఇది రక్తాన్ని నీళ్ళు చెయ్యదు. గడ్డకట్టడానికి కావలసిన సరుకు కాలేయంలో తయారవుతుంది, ఆకుకూరల్లో ఉండే ఒక విటమిను దానికి కావాలి. ఆ విటమిను పని ఈ మాత్ర సగంలో ఆపుతుంది. సరుకు తగ్గుతుంది, పూర్తిగా పోదు. మరీ తగ్గితే రక్తం ఆగదు, తగ్గకపోతే కవాటం ఆగుతుంది. అందుకే రక్తపరీక్షకు తప్పకుండా రావాలి. ఆకుకూరలు ఒకరోజు కుప్పలుగా, ఒకరోజు అసలు లేకుండా తినకూడదు. నన్నడగకుండా ఇంకో మాత్ర మింగకూడదు, నొప్పి మాత్ర అసలే వద్దు."

నూకాలు అన్నిటికీ తలూపింది. చాలాకాలం అన్నీ పాటించింది కూడా. బస్సు మారి బస్సెక్కి పరీక్షకు వచ్చేది. కత్తిపీట మీద వేలు తెగినా, జెల్ల చేప ముల్లు గుచ్చుకున్నా నెత్తురు తొందరగా ఆగేది కాదు. గుడ్డ గట్టిగా చుట్టుకుని మళ్ళీ పనిలో పడేది. దానయ్యే ఓర్చుకోలేకపోయేవాడు. అతనికో కారణం ఉంది. ఒకసారి నడిసముద్రంలో తోటి జాలరి కాలికి మరపడవ ఇంజను పంకా తగిలింది. దానయ్య తన లుంగీ చింపి కట్టు కట్టాడు, రెండు చేతులతో అదిమి పట్టుకున్నాడు. ఒడ్డు కనిపిస్తూనే ఉంది, నెత్తురు పోతూనే ఉంది. ఇసుకలో దించేసరికి దానయ్య చేతుల్లో ఆ మనిషి బరువే మిగిలింది. అప్పటినుంచి ఆగని నెత్తురు ఎక్కడ చూసినా దానయ్యకు వేళ్ళు చల్లబడిపోయేవి.

ఒక వానాకాలం నూకాలుకు నడుం పట్టేసింది. పక్కింటామె తెచ్చిచ్చిన నొప్పి మాత్రలు కొన్నాళ్ళు మింగింది. నొప్పి మాత్ర తీరు వేరు. గాయం దగ్గరికి ముందుగా పరుగెత్తుకొచ్చి ఒకదానికొకటి అతుక్కునే కణాలను అది పనిచెయ్యనివ్వదు. నూకాలు ఒంట్లో ఒక కాపలా ముందే సగమైంది. ఇప్పుడు రెండోదీ పోయింది. ఒక మధ్యాహ్నం బూడిదతో చేపలు తోముతుండగా ముక్కులోంచి నెత్తురు మొదలైంది. గుడ్డ తడిసింది, ఇంకో గుడ్డ తడిసింది. బూడిదా పొలుసులూ ఎర్రబడ్డాయి. దానయ్య ఆమె తల పట్టుకుని, "ఆగవే, ఆగవే," అంటూ ఆ నెత్తురునే బతిమాలాడు. పేటలో ఉన్న ఆరెంపీ వైద్యుడు వచ్చి ముక్కులో దూది కూరి, చాలాసేపు నొక్కి పట్టాక గానీ ఆగలేదు.

"పట్నం డాక్టరు దగ్గరికెళ్ళి ఆ మాత్ర సంగతి చూపించుకోండి," అన్నాడు ఆరెంపీ. ఆయన అన్నది ఒకటి, దానయ్య విన్నది ఒకటి.

మర్నాడు దానయ్య పట్నం బయల్దేరాడు. వెళ్ళలేదు. ఎక్కిన బస్సు ఊరి చివరే దిగేసి, టీకొట్టు దగ్గర కూర్చుని ఆలోచించాడు. డాక్టరు దగ్గరికెళ్తే ఏమంటాడో తెలుసు: మానొద్దంటాడు. సాయంత్రం ఇంటికొచ్చి, "డాట్రుబాబు మానీమన్నాడే. ఇంక నీకు అక్కర్నేదంట," అన్నాడు. మిగిలిన మాత్రలు తీసుకెళ్ళి సముద్రంలో పారేశాడు. నూకాలు సంతోషించింది. నిజంగానే అన్నాడా అని అడగలేదు. మొగుడు తన ప్రాణం విషయంలో అబద్ధమాడతాడని ఆమె ఎందుకనుకుంటుంది?

ఆ తర్వాత కొన్ని వారాలు ఉన్నంత నెమ్మదిగా దానయ్య జీవితంలో ఎప్పుడూ లేడు. నూకాలు నడుం నొప్పి తగ్గింది, పక్కింటామె మాత్రలూ ఆగిపోయాయి. వేలు తెగితే నెత్తురు చూస్తుండగానే గడ్డకట్టేది. దానయ్య ఆ వేలు పట్టుకుని తిప్పి తిప్పి చూసి, "సూడు, ఎలా కట్టీసిందో," అని పొంగిపోయేవాడు. మరికొన్నాళ్ళకు ఇంకో సంగతి గమనించాడు. ఆ టిక్కు టిక్కు సన్నబడింది. చెవి పెట్టి వింటే తప్ప వినబడటం లేదు. పరాయివాడు తిష్ట ఎత్తేశాడు, గుండె మళ్ళీ తనదైపోయిందనుకున్నాడు. ఆ రోజు పెళ్ళానికి ఇష్టమని పండుగప్ప చేప ఇంటికే తెచ్చాడు, అమ్మకానికి పెట్టనివ్వలేదు.

నూకాలు సగం తిని చెయ్యి కడిగేసుకుంది. ఆయాసమంది. తర్వాత కాళ్ళు వాచాయి, పడుకుంటే ఊపిరాడక గోడకు జారగిలి కూర్చునేది. ఆస్పత్రికి తెచ్చేసరికి పెదాలు నల్లబడ్డాయి. పరాంకుశం గారు స్టెతస్కోపు పెట్టారు. వినబడవలసిన లోహపు చప్పుడు లేదు. కవాటం రెక్కల మీద గడ్డ పేరుకుని అవి తెరుచుకోవడం మానేశాయి.

"మాత్రలు ఎప్పుడు మానేశావమ్మా? ఎవరు మానమన్నారు?" అని ఆయన అడిగారు.

దానయ్య మంచం అవతలివైపు నిలబడి ఉన్నాడు. నూకాలు డాక్టరు వైపు చూసింది. మానమన్నది ఈయన కాదని ఆ ప్రశ్నతోనే ఆమెకు తెలిసిపోయింది. మెల్లగా తల తిప్పి మొగుణ్ణి చూసింది. ఎంతోసేపు కాదు. మళ్ళీ తిరిగి, ఊపిరి కూడదీసుకుని, "నానే బాబూ," అంది. "నానే మానీసినాను. ఆడు సెప్తానే ఉన్నాడు, నానే ఇన్నేదు."

మళ్ళీ గుండె తెరిచే వ్యవధి లేదు, తట్టుకునే శక్తీ ఆమెలో లేదు. కట్టిన గడ్డను కరిగించే మందు ఒకటుంది. అది మాత్రలాంటిది కాదు, మాత్ర గడ్డ కట్టకుండా చూస్తుంది, ఇది కట్టినదాన్ని విప్పుతుంది. మేలు చేసిన గడ్డా, కీడు చేసిన గడ్డా అని చూడదు. తలలో నెత్తురు రావచ్చు, కరిగిన ముక్క తెగి తలకు చేరవచ్చు. పరాంకుశం గారు ఈ మాటలన్నీ ఇద్దరికీ చెప్పారు. "ఎక్కించీండి బాబూ," అంది నూకాలు.

మందు ఎక్కుతుండగా మధ్యాహ్నానికి ఆమె ఊపిరి తేలికైంది. దానయ్య మంచం పక్కన నేల మీద కూర్చుని ఆమె చెయ్యి పట్టుకుని ఉన్నాడు. టిక్కుమని వినబడింది. తర్వాత ఇంకొకటి. ఇన్నాళ్ళూ గిట్టని ఆ చప్పుడు వినగానే అతను ఆమె చేతిలో మొహం దాచుకుని భోరుమన్నాడు. ఉన్నదున్నట్టు చెప్పేద్దామని తలెత్తాడు. నూకాలు నోరు అప్పటికే ఒక పక్కకు జారుతోంది. ఏదో అనబోయింది, మాట కాని శబ్దమొకటి వచ్చింది. అతను పట్టుకున్న చెయ్యి అతని చెయ్యి పట్టుకోవడం మానేసింది. ఆ తర్వాత ఆమె మాట్లాడలేదు. ఎవరినీ గుర్తుపట్టినట్టూ లేదు. గుండె మాత్రం చివరిదాకా టిక్కు టిక్కుమంటూనే ఉంది.

అంతా అయ్యాక దానయ్య వరండాలో పరాంకుశం గారిని పట్టుకుని, టీకొట్టు దగ్గర్నుంచి అంతా చెప్పుకున్నాడు. చెప్పి, "కట్టిన నెత్తురు సంపినాదా బాబూ, కరిగిన నెత్తురు సంపినాదా?" అని అడిగాడు.

పరాంకుశం గారు అక్కడితో ఆపారు. హిమజ ఉండబట్టలేక అడిగింది.

"మీరేం చెప్పారు సార్?"

"ఏమీ చెప్పలేదమ్మా. అతను అడిగింది నెత్తురు సంగతి కాదు."

వరండాలో ఎవరో స్ట్రెచరు తోసుకెళ్తున్నారు. హిమజ తల వంచుకుంది. "పాపం, భయపడ్డాడు సార్," అంది, తనకే వినబడేంత గొంతుతో.

"భయపడవలసిందే. భయం లేనివాడు ఈ మాత్ర ఇవ్వనూ కూడదు, మింగనూ కూడదు." పరాంకుశం గారు కళ్ళజోడు పెట్టుకుని లేచారు. "అతని భయానికి మోతాదు ఎక్కువైంది, అంతే."