నాలుగో చక్రం మీద గీత

2011 ఫిబ్రవరి 12, శనివారం. చెన్నై అవతలి రేసు ట్రాకు మీద తెల్లవారేసరికి దట్టంగా మంచు పట్టింది. తొమ్మిదింటికల్లా విడిపోయి తారు మీద ఎండ చురుక్కుమంది. గాలి లేదు. షెడ్డు మీది జెండాలు తడిగుడ్డల్లా వేలాడుతున్నాయి.

అంత ఎండలోనూ పరాంకుశానికి లోపలి వణుకు తగ్గలేదు.

కారణం జిలానీ ఉస్తాద్. హైదరాబాదు నుంచి వచ్చిన ఆ రేసు జట్టుకి పద్నాలుగేళ్ళుగా పెద్ద ఆయనే. కాలేజీలో ఆచార్యుడికైతే గుమ్మం మీద బోర్డు ఉంటుంది. గ్యారేజీలో ఇంజను చప్పుడు విని జబ్బు చెప్పగలిగితే చాలు, నలుగురూ ఉస్తాద్ అనేస్తారు. ఆదివారం రేసు అయ్యాక జట్టు వదిలి పోతున్నానని ఆయన ఒక్క ముక్క చెప్పాడు. ఎక్కడికో చెప్పలేదు.

ఆ రోజుల్లో కార్ల రేసుల సంగతి మనవాళ్ళలో ఎరిగినవాళ్ళు తక్కువ. ఎరిగిన కొద్దిమందీ మాత్రం ఊరందరికీ సరిపడా మాట్లాడేవారు. ఉస్తాద్ పూణే జట్టుకి పోతున్నాడని ఒక పేపరు రాసింది. మలేషియా అని ఇంకోటి. ముషీరాబాదులో ఎన్నికలకు నిలబడతాడని షెడ్డు కాపలాదారు అన్నాడు. కాదు, బిర్యానీ హోటలు పెడతాడని వంటవాడి వాదన.

పరాంకుశం ఆయన దగ్గరే స్పానరు పట్టడం నేర్చాడు. ఇప్పుడు హెడ్ మెకానిక్కు. కొత్త పెద్ద వస్తే తన మనుషుల్ని తెచ్చుకుంటాడు. ఉస్తాద్ తనని వెంట తీసుకుపోతాడా, ఇక్కడే వదిలేస్తాడా? నలభై మూడేళ్ళ వయసులో మళ్ళీ ఎవరి షెడ్డు ముందు నిలబడాలి? వారం రోజులుగా అన్నం సహించడం లేదు.

ఆ జట్టులో ఒక కట్టుబాటు ఉంది. చక్రం నట్లు బిగించినవాడే, నట్టు మీద నుంచి చక్రం మీదికి పసుపు రంగుతో గీత గీయాలి. నట్టు కదిలితే గీత విరిగి కనిపిస్తుంది. గీత పడ్డాక ఇంకెవరూ చెయ్యి పెట్టరు. గీత గీశాడంటే మాట ఇచ్చినట్టే.

ఆ ఉదయం పరాంకుశం చక్రాలు బిగిస్తున్నాడు. సరైన బిగువు వచ్చినప్పుడు స్పానరు టక్కుమంటుంది. మూడు చక్రాలయ్యాయి. నాలుగోదానికి నట్లు చేత్తో ఎక్కిస్తుండగా టైర్ల సింహాద్రి వచ్చి పక్కన కూలబడ్డాడు.

"గురూ, ఇన్నావేటి? పూణే ఓళ్ళు ఉస్తాదుకి ఇల్లు కూడా చూసేసినారట."

"ఎవరన్నరు?"

"టీ కొట్టు కాడ."

"ఒక్కడే పోతుండా?"

"మనుషుల్ని తీసికెళ్తాడట. నీ పేరు ఇనబళ్ళేదు. నా పేరూ ఇనబళ్ళేదనుకో, నాదెప్పుడూ ఇనబడదు."

పరాంకుశం గీతలు గీసి లేచాడు. నేరుగా ఉస్తాద్ దగ్గరికి వెళ్ళాడు.

"ఉస్తాద్, మీరు ఎటు పోతున్నరు?"

ఉస్తాద్ టీ తాగుతూ కారు వైపు చూశాడు. నాలుగో చక్రం దగ్గర ఆయన చూపు కాసేపు ఆగింది.

"ఆ గీతలు నీవేనా?"

"నావే."

ఉస్తాద్ గ్లాసు కింద పెట్టాడు. కళ్ళజోడు తీసి జేబులో వేసుకుని, డ్రైవరు హెల్మెట్ తలకు తగిలించుకున్నాడు. అరవై నాలుగేళ్ళ మనిషి, మోకాలు పట్టుకుని మెల్లగా కారులోకి దిగాడు.

"ముందైతే ఆ మలుపు దాకా పోయొస్త బేటా."

ఇంజను అందుకుంది.

పరాంకుశం నవ్వబోయాడు. నవ్వు సగంలో ఆగిపోయింది. మొదటి చక్రం దగ్గర టక్కుమన్నది జ్ఞాపకముంది. రెండోదీ, మూడోదీ కూడా. మరి నాలుగోది? ఎంత వెతికినా చెవిలో సింహాద్రి గొంతే వినిపిస్తోంది. పూణే. ఇల్లు. నీ పేరు ఇనబళ్ళేదు.

రెండేళ్ళ కిందట ఆ మలుపులోనే వేరే జట్టు కారుకి చక్రం ఊడింది. చక్రం గోడ దాటి పొదల్లో పడితే వెతకడానికి గంట పట్టింది. డ్రైవరు సంగతి ఎవరూ ఎత్తరు.

కారు కదిలింది. పరాంకుశం పరుగెత్తి ఎదురుగా నిలబడి, రెండు చేతులూ కారు ముక్కుకి ఆనించాడు. అతన్ని మూడడుగులు వెనక్కి నెట్టి కారు ఆగింది.

మోకాళ్ళ మీద కూర్చుని నాలుగో చక్రానికి స్పానరు పెట్టాడు. మొదటి నట్టు ఒక చుట్టు తిరిగింది. ఇంకో సగం తిరిగింది. అప్పుడు టక్కుమంది. పసుపు గీత రెండు ముక్కలై చెరోవైపు పోయింది. మిగిలిన మూడు నట్లూ అంతే.

ఉస్తాద్ హెల్మెట్ అద్దం పైకెత్తాడు.

"ఇప్పుడు అడుగు. ఎటు పోతున్న?"

పరాంకుశం పాత గీతలు గుడ్డతో తుడిచాడు. కొత్తవి గీశాడు.

ఆదివారం సాయంత్రం ఉస్తాద్ వెళ్ళిపోయాడు. ఆయన కుర్చీ జట్టు యజమాని మేనల్లుడికి వచ్చింది. గెలిచిన కప్పులు ఆఫీసు బీరువాలోకి చేరాయి. ఉస్తాద్ తన చేతి గడియారం డ్రైవరుకి ఇచ్చి పోయాడు, తోలు సంచి సింహాద్రికి.

సింహాద్రి ఆ సంచి చంకన పెట్టుకుని షెడ్డులోకి వచ్చాడు. "నీకేటిచ్చాడు గురూ?"

"ఏమియ్యలే," అన్నాడు పరాంకుశం, స్పానరు టక్కుమన్నాకే తల ఎత్తి.