చోళ్ల కుండలో వెన్నపండు

అనగనగా, కొండ మీద మేఘం కూర్చుంటే గానీ కింద ఊరు నిద్ర లేవని రోజుల్లో, గుమ్మికొండ అనే రాజ్యం ఉండేది. దాన్ని ఏలే విజయకేతు మహారాజుకు అన్నీ ఉన్నాయి. ఆయన తల్లి రాజమాతకు మాత్రం పళ్లు లేవు.

నవ్వకండి పిల్లలూ! ఒక్క పన్ను కూడా లేదు పాపం. జామకాయ కొరకలేదు, చెరకు నమలలేదు. అంబలి తాగీ తాగీ ఆవిడకు ప్రాణం విసిగిపోయింది.

ఒకనాడు ఓడ వర్తకుడొకడు కోడిగుడ్డంత గింజ తెచ్చి రాజుగారి చేతిలో పెట్టాడు. "మహారాజా, ఇది అవకాడో గింజ. దీని పండు అచ్చం వెన్నే. పళ్లు లేనివారు కూడా హాయిగా తినవచ్చు" అని చెప్పి ఓడెక్కి వెళ్లిపోయాడు. ఎలా పండించాలో అడగాలని ఒక్కరికీ తోచలేదు.

గింజ పైడమ్మ చేతికి వచ్చింది. పైడమ్మ రాజుగారి తోటలో పనిచేసేది. ఆమె తల్లీ అక్కడే పనిచేసింది, తల్లి తల్లీ అక్కడే పనిచేసింది. ఆ తోట తప్ప ఆమెకు వేరే లోకం లేదు. నీళ్లు నిలవని ఏటవాలు నేల చూసి గింజ నాటింది. ఎండకు తాటాకు పందిరి వేసింది. వానకు కాలువ తీసి నీటిని పక్కకు మళ్లించింది. అలా ఒకటి కాదు రెండు కాదు, ఏడేళ్లు! ఎనిమిదో ఏట చెట్టు పూసింది, కొమ్మలు విరిగేలా కాసింది.

ఆ తోటకు ఒక కట్టుబాటు ఉంది. వెనకటికి ఎవరో పచ్చి మామిడికాయ తెంపి పండని ఇస్తే, రాజుగారి తాత కొరికాడట. మూడు రోజులు పళ్లు పులిసి అన్నం ముట్టలేదట. ఆ కోపంలో రాతి మీద ఇలా చెక్కించాడు: "చెట్టున పండని కాయను ఎవరూ తెంపరాదు. తెంపినవారు ఈ తోటలో మళ్లీ అడుగు పెట్టరాదు. నేల రాలినదాన్ని ఆ పూటే గోతిలో పూడ్చవలెను."

ఆ రాయి తోట వాకిట్లోనే ఉండేది. పైడమ్మ రోజూ దానికి పసుపు రాసి, దండం పెట్టుకునే లోపలికి వెళ్లేది.

శ్రావణంలో రాజుగారు వచ్చి కాయను బొటనవేలితో నొక్కాడు. గోరు కూడా దిగలేదు.

"పైడమ్మా, ఇది వెన్నా, రాయా?"

"ఇంకో నెల ఓపిక పట్టండి బాబూ."

భాద్రపదంలో రాజమాత కూడా పల్లకిలో వచ్చింది. ఒళ్లో వెండి గిన్నె పెట్టుకుని, చెంచా పట్టుకుని ఆశగా కూర్చుంది. రాజుగారు నొక్కాడు. రాయే! ఇన్నాళ్లు చెట్టున వేలాడి కూడా మెత్తబడని కాయను పైడమ్మ పుట్టి బుద్ధెరిగి చూడలేదు. రాజమాత గిన్నెను మెల్లగా కొంగు కింద దాచుకుంది.

ఆశ్వయుజంలోనూ రాయే.

"ఆ వర్తకుడు మనల్ని వెర్రివాళ్లను చేశాడు!" అని రాజుగారు మండిపడ్డాడు. "ఏడు రోజులు చూడండి. ఎనిమిదో రోజు పొద్దున అమ్మ ఎదుటే ఈ చెట్టు కొట్టెయ్యండి."

పైడమ్మ చేసేది లేక, అలవాటు కొద్దీ, వంగిన కొమ్మకు వెదురు ఊతం కట్టబోయింది. పుటుక్కుమని ఒక కాయ తెగి ఆమె చేతిలోకి వచ్చింది. పచ్చికాయ! అటూ ఇటూ చూసి, కాయను కొంగులో దోపుకుని ఇంటికి పరుగెత్తి, చోళ్ల కుండలో, అదే రాగుల కుండలో, అడుగుకంటా తోసేసింది. వారం రోజులు భయంతో ఆ కుండ మూత తీయలేదు. కొర్రలే వండుకు తిన్నది.

ఎనిమిదో రోజు పొద్దున కొర్రలు నిండుకున్నాయి. ఏమైతే అయిందని కుండలో చెయ్యి పెట్టింది.

"అమ్మబాబోయ్!"

కాయ మెత్తగా ఉంది! కుళ్లిపోయిందేమోనని వాసన చూసింది. కుళ్లలేదు. పైడమ్మ ఉన్నచోటే చతికిలబడింది. ఏడేళ్లు పెంచిన చెట్టు గుణం ఇన్నాళ్లకు తెలిసింది. ఈ కాయ చెట్టున పండదు. తెంపాకే పండుతుంది!

కుండను చంకనెత్తుకుని పరుగు తీసింది. తోట వాకిట్లో తోటల అధికారి గౌరీపతి ఎదురయ్యాడు. జరిగింది విని, కాయను నొక్కి చూసి, నోరెళ్లబెట్టాడు. ఆపైన గొంతు తగ్గించాడు.

"పిచ్చిదానా, తెంపానని చెప్పకు. ఆకుల చాటున ఇదొక్కటి చెట్టునే పండిందని చెబుదాం. చెట్టు బతుకుతుంది, నీ పనీ నిలుస్తుంది."

ఆ మాట పైడమ్మ చెవికి ఎంత కమ్మగా వినిపించిందో! సరేనని తల కూడా ఊపబోయింది. అంతలో పల్లకి కనిపించింది, రాజమాత ఒళ్లో వెండి గిన్నె కనిపించింది. అబద్ధమాడితే వచ్చే ఏడూ అందరూ ఇదే చెట్టు కింద రాళ్లు నొక్కుతూ నిలబడాలి, ఆ ముసలమ్మ ఇదే గిన్నె పట్టుకుని కూర్చోవాలి.

చెట్టు కింద రాజుగారి ఎదుట గొడ్డలి లేచింది.

"ఆగండి బాబూ!" అని అరిచి పైడమ్మ పండును రాజుగారి చేతిలో పెట్టింది.

రాజుగారు నొక్కాడు. వేలు లోపలికి దిగింది! ఉలిక్కిపడి చేతిని చూసుకున్నాడు. పండు కోస్తే లోపల నిజంగా వెన్నే. రాజమాత ఒక చెంచా నోట్లో పెట్టుకుని కళ్లు పెద్దవి చేసింది.

"తీపి లేదే!"

అందరి పైప్రాణాలూ పైనే పోయాయి.

"కాస్త తేనె పొయ్యండి" అంది ఆవిడ. గిన్నె అడుగు గీకేదాకా మళ్లీ తలెత్తలేదు.

"భేష్! ఏ కొమ్మన పండింది?" అని రాజుగారు అడిగాడు.

గౌరీపతి కళ్లతోనే బతిమాలాడు. పైడమ్మ తల వంచుకుంది.

"ఏ కొమ్మనా పండలేదు బాబూ. పచ్చిది నా చేత తెగింది. తప్పని తెలిసీ ఇంటికి పట్టుకుపోయి దాచాను. చోళ్ల కుండలో పండింది. ఇది తెంపితేనే పండే జాతి. నన్ను పొమ్మంటే పోతాను, చెట్టును మాత్రం ఉంచండి."

రాజుగారు వాకిట్లోని రాతి వైపు చూశాడు. "తాతగారి శాసనం... నేనేం చెయ్యను పైడమ్మా?" అన్నాడు.

పైడమ్మ చెట్టు మొదలును ఒకసారి తడిమి, కళ్లు తుడుచుకుని, వాకిలి వైపు నడిచింది.

వెనక నుంచి పుటుక్కుమని చప్పుడయింది. అందరూ తిరిగి చూశారు. రాజమాత చేతికర్ర వంపుతో కొమ్మను కిందికి లాగి, పచ్చికాయ తెంపి పట్టుకుని ఉంది!

"నాయనా, నేనూ తెంపాను. నన్నూ గెంటెయ్యి" అంది. "ఒక్క మామిడికాయకు పళ్లు పులిసి మా మామగారు పెట్టిన కట్టుబాటు ఇది. ఆయనకు పులియడానికి పళ్లైనా ఉన్నాయి!"

రాజుగారు తానే వెళ్లి పైడమ్మను వెనక్కి పిలుచుకొచ్చాడు. ఆ రాతి మీద పాత శాసనాన్ని చెరిపించి, "ఏ కాయను ఎప్పుడు తెంపాలో పైడమ్మను అడగవలెను" అని చెక్కించాడు. గౌరీపతికి కాయలు మాగబెట్టే చోళ్ల కుండలు మోసే పని పడింది. రాజమాత తెంపిన కాయ సరిగ్గా ఎనిమిదో రోజుకు పండింది.

కుండలోని పండు రాజమాత తినేసింది, నా దగ్గర నీతి ఒక్కటే మిగిలింది: ఆచారం ఎంత పాతదైనా సరే, కళ్లారా చూసిన నిజాన్ని తనకు నష్టమొచ్చినా దాచకుండా చెప్పేవారి వల్లే పదిమందికీ మేలు జరుగుతుంది.