మణికోట లైవ్‌లో వంద ప్రాణాలు

సాలూరు తెలివినంతా పది భాగాలు చేస్తే తొమ్మిది తమ ఇంట్లోనే ఉన్నాయని సూరప్పడి లెక్క. మిగిలిన ఒక్కటీ ఊరంతా సర్దుకోవాలి. ఆ తొమ్మిదినీ తలా మూడు పంచుకున్నారు సూరప్పడు, చెల్లెలు పైడమ్మ, తమ్ముడు గవర్రాజు.

ఇంత తెలివి ఇంట్లోనే మూలుగుతుంటే ఎలా అని చానెల్ పెట్టారు. 'మణికోట' అనే పాత ఆట ఆడుతూ లైవ్‌లో చూపిస్తారు. రాక్షసుడు ఎత్తుకుపోయిన చెల్లెల్ని రాకుమారుడు వెతుక్కుంటూ పోతుంటాడు. దారిలో ఎదురైనవాళ్ళు చెప్పే మాటలు తెరమీద తెలుగులో పడతాయి. చూసేవాళ్ళు మొత్తం ఏడుగురు.

కంప్యూటర్ మాత్రం మేనమామ రామ్మూర్తిది. ఆదివారం పొద్దున్నే వచ్చి ఆయన తేల్చేశాడు.

"ఒరే, అడిగారని ఇచ్చాను. మూడు నెలలైంది. ఇవాళ సాయంత్రం సరిగ్గా ఆరింటికి వందమంది చూస్తుంటే ఇది మీదే. తొంభై తొమ్మిదైతే నా స్కూటరెక్కుతుంది."

"వందేనా మావయ్యా?" అంది పైడమ్మ జాలిగా.

పదింటికి లైవ్ మొదలైంది. రాకుమారుడు సత్రం చేరాడు. "చీకటి పడింది. అందరూ పడుకోండి. కోడి కూశాక బయల్దేరండి" అన్నాడు సత్రం యజమాని.

అంతే. గవర్రాజు చాప పరిచాడు, పైడమ్మ కిటికీలు మూసింది. ముగ్గురూ కెమెరా ముందే వరసగా పడుకున్నారు. పట్టపగలు కోడి ఎందుకు కూస్తుంది? పన్నెండూ నలభైకి పక్కింటి కోడి కుక్కని చూసి బెదిరి అరిస్తే లేచారు. రెండు గంటల నలభై నిమిషాలు గురకే లైవ్. ఈ వింత ఆ నోటా ఈ నోటా పాకి ఏడుగురు పంతొమ్మిదయ్యారు.

"గంటకి నాలుగున్నర మంది పెరిగారు!" అన్నాడు సూరప్పడు.

"అయితే ఆరింటిదాకా పడుకుందాం అన్నయ్యా."

"కోడి కూసేసింది కదరా. ఇంకా పడుకుంటే సత్రం పెద్దాయన ఏమనుకుంటాడు?"

కోట గుమ్మంలో కావలివాడు ఆపాడు. "ఆయుధాలన్నీ బయట పెట్టి లోపలికి రండి."

పైడమ్మ కత్తిపీట, గవర్రాజు రోకలి తీసుకెళ్ళి వీధరుగు మీద పెట్టారు.

"అసలుది మరిచిపోయారు. రాకుమారుడు కత్తి దూసేది దీంతోనే కదా" అని సూరప్పడు కీబోర్డు పీకి దాన్నీ అరుగు మీద పెట్టొచ్చాడు.

ఇంకేముంది! రాకుమారుడు కొయ్యబొమ్మలా నిలబడిపోయాడు. గంట గడిచింది.

"మొహమాటపడుతున్నాడు పాపం. కాళ్ళు కడుక్కోడానికి నీళ్ళైనా ఇవ్వలేదు మనం" అని పైడమ్మ చెంబుతో నీళ్ళు తెచ్చి తెరముందు పెట్టింది.

'కీబోర్డు తెచ్చుకోండి బాబూ' అని ఒకడు కామెంట్ పెట్టాడు. ఆయుధం తెమ్మంటున్నాడంటే రాక్షసుడి మనిషే అని గవర్రాజు వాణ్ణి బ్లాక్ చేశాడు. ఆఖరికి ఇంకొకడు, ఇక తెచ్చుకోవచ్చని కావలివాడే తనతో చెప్పాడని ఒట్టేస్తేగానీ కీబోర్డు లోపలికి రాలేదు. అప్పటికి నలభై ఆరుగురు.

లోపల ఒక అవ్వ ఎదురైంది. "నీ చెల్లెలున్న గది చెబుతాను. నీకు తప్ప రెండో మనిషికి తెలియకూడదు."

సూరప్పడు కెమెరా మీద గళ్ళ తువ్వాలు కప్పాడు. తమ్ముణ్ణీ చెల్లెల్నీ బయటికి తోసి, చదువుకుని, తలుపు తీశాడు.

"ఏ గది అన్నయ్యా?"

"చెప్పను. అవ్వ చెప్పొద్దంది."

"ఇప్పుడు ఆడే వంతు నాది కదా!"

"అందుకే చెప్పను. నువ్వు తిన్నగా ఆ గదికే వెళ్తే అందరికీ తెలిసిపోదూ?"

కోటలో ముప్ఫై రెండు గదులు. పైడమ్మ ఒక్కోటీ తెరుస్తోంది. సూరప్పడు రెండు చేతులతో నోరు మూసుకుని పక్కన కూర్చున్నాడు. ఏ గదో చెప్పుకోండి చూద్దాం అంటూ చాట్ హోరెత్తిపోయింది. ఎనభై, తొంభై, తొంభై తొమ్మిది! ఐదూ యాభై ఆరుకి ముప్ఫై రెండో గదిలో రాక్షసుడు చచ్చాడు, చెల్లెలు దొరికింది.

స్కూటర్ వేసుకొచ్చిన మావయ్య మనసు కరిగిపోయింది. తన ఫోను తీసి లైవ్ పెట్టాడు.

"నాతో వంద. నాలుగు నిమిషాలు ఏమీ చెయ్యకండిరా. ఊపిరి కూడా మెల్లగా పీల్చండి."

సరిగ్గా అప్పుడే తెరమీద రాకుమారి అరిచింది. "అన్నా, కోట కూలిపోతోంది! ఇక్కడున్న వాళ్ళందర్నీ బయటికి పంపెయ్!"

ముగ్గురి ముఖాలూ పాలిపోయాయి. వందమంది!

"అయ్యా, అమ్మా, పారిపోండి!" సూరప్పడు కెమెరాకి దండం పెట్టేశాడు.

"పిల్లల్నీ పెద్దవాళ్ళనీ ముందు పంపండి! చెప్పుల కోసం వెనక్కి రాకండి!" పైడమ్మ రెండు చేతులూ ఊపుతూ అరిచింది.

జనం పడీపడీ నవ్వుతూ, అడిగినందుకు కాదనలేక వెళ్ళిపోసాగారు. డెబ్భై. ముప్ఫై ఎనిమిది. తొమ్మిది. ఒకటి.

"కదలకుండా ఉన్న ఆ ఒక్కడెవడ్రా?"

"మావయ్య!"

అంతే. గవర్రాజు ఫోను లాక్కుని లైవ్ ఆపేశాడు. మిగతా ఇద్దరూ ఆయన్ని రెక్కలు పట్టుకుని స్కూటర్ దాకా ఈడ్చారు.

"ఒరే, ఇంకొక్క నిమిషమేరా!"

"ఆ నిమిషంలోనే కూలుతుంది మావయ్యా!"

గవర్రాజు కంప్యూటర్ని వైర్లతో సహా మోసుకొచ్చి వెనక సీటుకి కట్టేశాడు. "కోటని ఊరవతలికి పట్టుకుపో. ఇక్కడ కూలితే మా పెంకులు పగులుతాయి."

మావయ్య తల బాదుకుని స్కూటర్ స్టార్ట్ చేశాడు. లోపల గడియారం ఆరు కొట్టింది. ముగ్గురూ గదిలోకి తొంగిచూశారు. బల్ల ఖాళీగా ఉంది.

"చూశారా, ఇటుక ముక్క కూడా మిగల్లేదు" అన్నాడు సూరప్పడు గుండె మీద చెయ్యేసుకుని. "నిమిషం ఆలస్యమైతే వందమందీ పోయేవాళ్ళు!"