రొట్టెల మరకు చోటు

ఒకానొక రాజ్యంలో రాజుగారు తినలేని రొట్టె కోసం తినే రొట్టెను పోగొట్టుకోబోయారు. తప్పు రొట్టెలు చేసే మరది కాదు, దాన్ని కొన్నవారిది.

రాజుగారి పేరు ధవళమల్లుడు. ఓడల మీద వచ్చిన వర్తకుడొకడు ఆయనకు రొట్టెల మర అమ్మాడు. ఇనప పెట్టెలో పిండి, నీళ్లు పోసి, పిడి తిప్పి వదిలితే లోపలి రెక్క పిండి పిసుకుతుంది. కింద నిప్పులు పోస్తే పూట గడిచేసరికి రొట్టె పొంగుతుంది.

"మనుషుల అవసరమే లేదు మహాప్రభూ! ఇంటింటా ఉండదగ్గది," అంటూ వర్తకుడు మరలో చేసిన రొట్టె ఒకటి చూపించాడు.

"రొట్టె అడుగున ఆ బొక్కేమిటి?" అని అడిగింది ఆస్థాన విదుషి తిప్పాంబ.

"రెక్క దిగిన గుర్తమ్మా."

"అయితే బొక్కకు కూడా వెల కట్టావన్నమాట."

సభ నవ్వింది. రాజుగారు నవ్వలేదు.

"మేము మెచ్చినదానికి వంకలా? వచ్చే పౌర్ణమికి వంటశాలలో రొట్టెల పొయ్యి ఆర్పించేస్తాం. మాచమ్మ, ఆమె మనుషులు ఇళ్లకు వెళ్లిపోవచ్చు!"

కోటలో జొన్నరొట్టెలు కొట్టే ఆడవాళ్లకు మాచమ్మ పెద్ద. ఆ పొయ్యి ఆరితే వాళ్ల ఇళ్లలో పొయ్యి రాజదు. సాయంత్రానికి ఆమె తిప్పాంబ గుమ్మంలో ఉంది.

"నువ్వైనా అడ్డు చెప్పు తల్లీ."

"అడ్డు చెబితే ఇంకా బిగుసుకుంటారు. ఔనంటాను, చూస్తుండు."

మర్నాడు తిప్పాంబ సభలో చేతులు జోడించింది. "ప్రభూ, మనుషులు అక్కర్లేని మరను పనివాళ్లు ముట్టుకుంటే దానికి అవమానం. పౌర్ణమి దాకా తమరొక్కరే తిప్పండి. చూసి ప్రజలూ కొంటారు."

"ఓస్, పిడి తిప్పడమేగా!" అని రాజుగారు మీసం దువ్వారు.

మొదటి రొట్టె పొంగింది. పళ్లెంలో పెట్టి ఊరేగించారు. రెండోది నీళ్లెక్కువై జావయింది. ఆ తర్వాతదానికి ఉప్పు మరిచారు. రెక్కకు అంటుకున్న పిండిని గోళ్లతో గీకేసరికి రాజుగారి ఓపిక అడుగంటింది. ఎవర్నీ పిలవడానికి లేదాయె. ఒకరోజు వేట అన్నారు, ఇంకోరోజు తలనొప్పి అన్నారు. ఆపైన మర ఊసే లేదు. రాజుగారి గదిలోంచి మాత్రం జొన్నరొట్టె, వెల్లుల్లికారం వాసన వస్తోంది.

పౌర్ణమి వచ్చింది.

"ప్రభూ, మర క్షేమమేనా?" అని అడిగింది తిప్పాంబ.

"భద్రంగా ఉంది."

"ఎక్కడ?"

రాజుగారు గొంతు సవరించుకున్నారు. "అటక మీద."

"తమరు ఒక్కసారి పైకి దయచేయాలి."

అటక మీద తనంతట తాను ఊగే విసనకర్ర, చిలకకు పద్యాలు నేర్పే గంట, అత్తరు చిమ్మే ఏనుగుబొమ్మ దుమ్ము కొట్టుకుని ఉన్నాయి. అన్నీ రాజుగారు ముచ్చటపడి కొన్నవే. వాటి పక్కన మర. దాని వెనక గోడకు ఒక చెక్కపలక, దానిమీద 'రొట్టెల మర' అన్న అక్షరాలు. పలక మీదా దుమ్మే.

"ఈ పలక ఎప్పుడు కొట్టించావు?"

"వర్తకుడు వెల చెప్పిన రోజునే ప్రభూ. చోటు కూడా ఊడ్పించి ఉంచాను. దీన్ని ఎక్కడ పెట్టాలో తెలియక సేవకులు తికమకపడకూడదు కదా!"

రాజుగారు నవ్వు ఆపుకోలేక అటక మెట్ల మీదే కూలబడ్డారు. "ఆరోజే చెప్పి ఉండొచ్చుగా!"

"ఆరోజు చెబితే కోప్పడేవారు. ఇవాళ నవ్వారు."

"సరే, మాచమ్మ పొయ్యి ఆరదు. ఇక నీ బహుమానం," అంటూ రాజుగారు కన్ను గీటారు. "ఆ మర నీదే. పట్టుకుపో!"

"మహాప్రసాదం. కానీ మా ఇంటికి అటక లేదు ప్రభూ."

రాజుగారు మళ్లీ పగలబడి నవ్వి, మెడలోని హారం తీసి ఇచ్చారు. రోజూ మాచమ్మ పొయ్యి మీది వేడి రొట్టెలు తిప్పాంబ ఇంటికి పంపమన్నారు.

ఆ తర్వాత ఎందరో వర్తకులు ఎన్నో వింత వస్తువులతో తిప్పాంబ గుమ్మం ఎక్కారు. ఆవిడ తన ఇంటికి ఇంకో గది వేయించింది, పెరట్లో పందిరి వేయించింది. అటక మాత్రం కట్టించలేదు.