అడుగున్న వల

ఏడు కాలేజీలుండేవి. ఏడూ చిన్నవే. ఏడింటికీ ఏడు అమ్మాయిల బాస్కెట్‌బాల్ జట్లుండేవి. వాటిలో ఏ జట్టు గట్టిదో ఎవరికీ తెలిసేది కాదు.

ఆడక తెలియకపోవడం కాదు. ఏడాది పొడుగునా ఒకళ్ళతో ఒకళ్ళు ఆడుతూనే ఉండేవారు. కానీ ఓడిన ప్రతి ప్రిన్సిపాల్ దగ్గరా ఓ సంజాయిషీ ఉండేది. ఎండ కంట్లో పడిందనేవాడు ఒకాయన. హాస్టల్లో ముందురోజు వంకాయ పెట్టారు, అందుకే పిల్లల కాళ్ళు ఆడలేదనేవాడు ఇంకొకాయన. గెలిచినవాళ్ళ బంతిలో గాలి ఎక్కువుందనేవాడు మూడో ఆయన. ఇద్దరూ ఆడింది ఒకే బంతితో కదండీ అంటే, మా చేతికొచ్చినప్పుడు తగ్గిపోయిందనేవాడు.

ఈ గోల పడలేక ఏడుగురూ కూర్చుని ఓ కూటమి కట్టారు. బలం తూచి చెప్పడానికి ఓ తూకమాయన్ని పెట్టుకున్నారు.

తూకమాయన ఆటకొచ్చేవాడు కాదు. "పొయ్యి పక్కన నిలబడితే రుచి తెలుస్తుందా? పొగొచ్చి కళ్ళు మండుతాయంతే" అనేవాడు. ఆయనకు కాగితాలు పంపితే చాలు. ఎవరు గెలిచారన్నది ఆయనకు అక్కర్లేదు. గెలుపంటే ఆ రోజు అదృష్టం, కొట్టిన పాయింట్లంటే బలం, అని ఆయన లెక్క. ఏ జట్టు ఎన్ని కొట్టిందో కూడి, పెద్దది పైనా చిన్నది కిందా రాసి గోడకు అంటించేవాడు. వరసగా మూడుసార్లు అట్టడుగున ఉన్న కాలేజీ కూటమి నుంచి బయటికి పోవాలని కట్టుబాటు.

ఆ ఏడు కాలేజీల రింగులకూ వలలల్లేది ఒక్కతే మనిషి. ఆమె సముద్రం ఒడ్డున ఉండేది. నలుగురిలో నోరు విప్పాలంటే మాటకు ముడి పడిపోయేది. మాట ముడి విప్పడం రాదుగానీ, దారం ముడి మాత్రం కళ్ళు మూసుకుని వేసేది.

మొదట్లో ఓ గుమాస్తా వచ్చి, "బుట్టలాంటి వల కావాలమ్మా" అన్నాడు. బుట్టంటే అడుగుంటుంది. చేపల వలకంటే తప్పకుండా ఉంటుంది. అడుగు లేని వల అల్లడానికి ఆమెకు చేతులు రావు. వాళ్ళ వంశంలో అడుగు లేని వల అల్లినదాన్ని చేసుకున్న మగాడు లేడు. అందుకని అడుగు బిగించి, దానికి రెండు వరసల ముడేసి, ఏటా పద్నాలుగు వలలూ ఇచ్చేది. ఆరు కాలేజీలకు గేటు దగ్గరే ఇచ్చి వచ్చేసేది. ఏడో కాలేజీ వాళ్ళ పేటకు దగ్గర. అక్కడ మాత్రం లోపలికెళ్ళి టీ తాగేది. అక్కడి అమ్మాయిలు ఆమెను పిన్నీ అనేవారు.

ఏడో కాలేజీలో బంతి రింగులో పడితే వలలో ఉండిపోయేది. అప్పుడు ఇద్దరు నిచ్చెన తెచ్చేవారు. జట్టు నాయకురాలు, పొడుగమ్మాయి, ఎక్కి బంతిని కింద నుంచి పొడిచి పైకి తీసేది. మళ్ళీ దిగేది. మళ్ళీ ఆట. రిఫరీ గడియారం మాత్రం నిచ్చెన కోసం ఆగదు కదా. అందుకని అక్కడ ఆటంటే పది, ఎనిమిది. మహా అయితే పన్నెండు, పది.

పిన్ని చూసి మురిసిపోయేది. ఒక్క బంతీ జారిపోలేదు, నా వల అలాంటిది అనుకునేది.

ఆ ఏడాది మొదటి జాబితా వచ్చింది. ఏడో కాలేజీ అట్టడుగున ఉంది. రెండో జాబితా వచ్చింది. అట్టడుగునే ఉంది.

ఏడో కాలేజీ ప్రిన్సిపాల్ పిల్లల్ని పిలిచి, "ఇంకొక్కసారి కిందుంటే బయటికే. కూటమిలో లేని కాలేజీకి కోర్టెందుకు? అక్కడ షెడ్డేసి మన బస్సు పెడదాం. పాపం ఎండకి రంగు పోతోంది" అన్నాడు. ఆయనకు ఇద్దరు కూతుళ్ళున్నారుగానీ, పాపం అనేది బస్సునే.

ఆ వారమే పిన్ని మూడో కాలేజీకి వల పట్టుకెళ్ళింది. గేటు దగ్గర మనిషి లేకపోతే లోపలికెళ్ళింది. ఒకమ్మాయి బంతి విసిరింది. బంతి రింగులో పడి, వలలోంచి జారి, కిందికొచ్చేసింది. దాంతోపాటు పిన్ని గుండె కూడా జారింది.

"ఎవరమ్మా నా వల చింపేసింది?"

"చింపలేదండీ, కోశాం. ప్రతీ ఏడూ కోస్తాం. అడుగుంటే బంతెలా వస్తుంది?" అందా అమ్మాయి, ఇదేం ప్రశ్న అన్నట్టు.

పిన్ని అక్కణ్ణుంచి ఏడో కాలేజీకి ఎలా వచ్చిందో ఆమెకే తెలియదు. పొడుగమ్మాయిని పక్కకు లాగింది.

"నీకు తెలుసా, అడుగుండకూడదని?"

పొడుగమ్మాయి కాలితో నేల గీసింది. "అందరికీ తెలుసు పిన్నీ."

"మరి చెప్పి చావరేం?"

"రెండు వరసల ముడేసి మరీ అల్లావు. కోస్తే బాధపడతావని."

"నేను బాధపడతానని మీరు కోర్టు పోగొట్టుకుంటారా? మీకు చదువు చెప్పేవాళ్ళని అనాలి!"

ఆ రాత్రంతా ఆలోచించి, తెల్లారాక ఎన్నడూ చెయ్యని పని చేసింది. తూకమాయన ఇంటికెళ్ళి గుమ్మంలో నిలబడింది. ఆయన గది నిండా కాగితాలే. బంతి మాత్రం ఎక్కడా లేదు.

"బాబుగారూ, తప్పు నాది. వలకి అడుగుందండి."

"ఏ వలకి?"

"ఏడో కాలేజీదానికండి. బంతి పడితే రాదు, నిచ్చెనెక్కి తియ్యాలి. అందుకే వాళ్ళకి పదులూ, పన్నెండ్లూ. కానీ ఆ కోర్టుకొచ్చిన ఆరు జట్లూ ఓడిపోయే వెళ్ళాయండి."

తూకమాయన కాగితాలు తిరగేశాడు. "నిజమే. పది, ఎనిమిది. పన్నెండు, పది. గెలిచారు. పది ఎనిమిదికన్నా పెద్దదే. కానీ నలభైకన్నా చిన్నది కదమ్మా?"

"ఆ నలభై కొట్టినోళ్ళు ఓడిపోయారండి. అవతలోళ్ళు యాభై కొట్టారు."

"ఓడారు. కానీ బలంగా ఓడారు. మీవాళ్ళు గెలిచారు. కానీ బలహీనంగా గెలిచారు."

పిన్నికి మాట ముడిపడింది. బలవంతాన విప్పుకుని, "మరి ఆ కాగితంలో వలకో గడి పెట్టండి బాబూ" అంది.

"ఇవాళ వలకి పెడితే రేపు నిచ్చెనకి పెట్టమంటారు. ఎల్లుండి వంకాయకి పెట్టమంటారు. కాగితం చాలొద్దూ?" అన్నాడాయన. దయగానే అన్నాడు. మంచినీళ్ళు కూడా ఇచ్చాడు.

ఆమె తిన్నగా ఏడో కాలేజీకొచ్చింది. నడుముకి దోపుకున్న చేపల కత్తి తీసి, "నిచ్చెన తెండి" అంది.

"వద్దు పిన్నీ, నీకు బాధ" అంది పొడుగమ్మాయి.

"నా బాధేదో నేను పడతాను. నువ్వు కదలకుండా పట్టుకో."

రెండు వలల అడుగులూ కోసేసింది. కోస్తున్నంతసేపూ కళ్ళు మూసుకునే ఉంది. కిందికి దిగాక ఎవరో బంతి విసిరారు. అది వలలోంచి సర్రున జారి నేల మీద ఎగిరింది. పిల్లలు పెట్టిన కేకకి స్టాఫ్ రూములో ఇద్దరు లెక్చరర్లు నిద్ర లేచారు. ఇక ఈసారి కొట్టిన ప్రతి బంతీ లెక్కకొస్తుంది, కోర్టు దక్కుతుంది అనుకుంది పిన్ని.

కానీ గుమ్మంలో అన్న మాట గుమ్మంలో ఆగదు. ఏడో కాలేజీ కోర్టులో ఆరు జట్లూ ఓడాయన్న సంగతి ఆరుగురు ప్రిన్సిపాళ్ళకీ చేరింది. వాళ్ళు దాన్ని వెనకనుంచి అర్థం చేసుకున్నారు. ఓహో, గెలుపు రహస్యం అడుగులో ఉందన్నమాట!

ఆరు కాలేజీల మనుషులూ పిన్ని ఇంటి ముందు నిలబడ్డారు. "మాకూ అడుగున్న వలలు కావాలి."

నేనిచ్చినవన్నీ అడుగున్నవే, కోసుకున్నది మీరే అందామనుకుంది. అంతమందిని చూసి నోరు రాలేదు. అల్లి ఇచ్చింది.

వలలు కట్టారు. మొదటి బంతి పడింది, ఉండిపోయింది. ఆ కాలేజీల్లో నిచ్చెన ఎక్కడమంటే నామోషీ. ఎవరెక్కాలన్న దానిపై ఒకచోట కమిటీ వేశారు. కమిటీ తేల్చేలోగా రెండో బంతి తెచ్చారు. అదీ ఉండిపోయింది. మూడోది తెచ్చారు. ఇలా ఉండిపోయిన బంతుల్ని ఎలా లెక్కెయ్యాలని తూకమాయన్ని అడిగారు.

తూకమాయన సంతోషంతో లేచి నిలబడ్డాడు. ఇన్నాళ్ళూ బలం గాల్లో ఎగురుతుండేది. ఇప్పుడు ఒకచోట కుదురుగా వేలాడుతోంది! "వలలో ఉన్న బంతే బలం. జారిన బంతి, దించిన బంతి నేలపాలైనట్టే" అని కొత్త నియమం రాశాడు. ఆరుగురూ చప్పట్లు కొట్టారు.

అక్కణ్ణుంచి ఆటతో పనే లేకపోయింది. ఐదో కాలేజీ వల మూరెడు పెంచమంది. రెండోది బారెడు పెంచమంది. నాలుగో కాలేజీ వల నేలకి జీరాడేది, ముప్ఫై బంతులు పట్టేది. రింగు ఒరిగిపోతే కింద వాసం ఊతం పెట్టారు. అమ్మాయిలు వాటివైపు పోకుండా తాడు కట్టారు. చేతి గోళ్ళు తగిలి బలం తగ్గిపోతుందేమోనని భయం.

మూడో జాబితా వచ్చింది. అట్టడుగున ఏడో కాలేజీ. ఎదురుగా సున్నా. కొత్త నియమం వాళ్ళకి జాబితాతోపాటే తెలిసింది. వల ఖాళీ.

పిన్ని గోడ దగ్గర కూలబడిపోయింది. "అడుగుంచి ముంచాను. అడుగు తీసి ముంచాను" అంది. పొడుగమ్మాయి పక్కన కూర్చుంది. ఓదార్చడం రాక, "ఎల్లుండిదాకా కోర్టు మనదే కదా పిన్నీ, ఆడుకుంటాం" అంది.

ఎల్లుండి వచ్చింది. బస్సుని కోర్టులోకి తేవడానికి ప్రిన్సిపాల్ పసుపు కుంకుమలూ, కొబ్బరికాయా పట్టుకుని నిలబడ్డాడు. బస్సు గేటు దగ్గర ఇంజిన్ ఆపకుండా నిలబడి ఉంది. కూటమి నుంచి తీసేసినట్టు కాగితం చేతికివ్వడానికి తూకమాయన స్వయంగా వచ్చాడు. పిన్ని గోడవారన నిలబడింది. పిల్లలు ఆఖరి ఆట ఆడుకుంటున్నారు.

అప్పుడు గోడ మీద ఓ తల కనపడింది. తర్వాత ఇంకోటి. మూడో కాలేజీ అమ్మాయిలు.

"ఏమే, మీ దగ్గర బంతి కిందికొస్తుందట కదా?" అంది మొదటి తల.

"వస్తుంది. ఏం?"

"పది రోజులైందే బంతి ముట్టుకుని. ఒక్కసారి."

"దూకండి మరి, గోడ మీద పిల్లుల్లా ఏంటా చూపు?"

దూకారు. వాళ్ళ వెనక ఐదో కాలేజీ వాళ్ళొచ్చారు. వాళ్ళ వెనక నాలుగో వాళ్ళూ, ఒకటో వాళ్ళూ. కాసేపటికి ఆరు కాలేజీల అమ్మాయిలూ కోర్టులో ఉన్నారు. జట్లు కుదరక చున్నీ కట్టుకున్నవాళ్ళొక జట్టు, కట్టుకోనివాళ్ళొక జట్టు అన్నారు. మధ్యలో చున్నీలు ఊడిపోయాయి. అయినా ఆట ఆగలేదు.

బస్సు హారన్ కొట్టింది. ఎవరూ తప్పుకోలేదు. "పోనీవయ్యా లోపలికి!" అని ప్రిన్సిపాల్ అరిచాడు.

డ్రైవర్ ఇంజిన్ ఆపి కిందికి దిగాడు. "డెబ్భైమంది ఆడపిల్లలు సార్. ఎవరి మీంచి పోనీమంటారు? ఆటయ్యాక పెడతాలెండి."

"ఎప్పుడవుతుంది?"

"ఎవరూ లెక్కెట్టట్లేదు సార్. ఎప్పుడని చెప్తారు?"

ప్రిన్సిపాల్ కొబ్బరికాయ బస్సు మెట్టు మీద పెట్టి చెమట తుడుచుకున్నాడు.

తూకమాయన గీత దాకా వచ్చి కళ్ళజోడు సర్దుకున్నాడు. ఎవరు ఎవరో తెలియలేదు. పిన్ని వైపు తిరిగి, "ఏమ్మా, ఇందులో ఏ జట్టు గట్టిది?" అని అడిగాడు.

పిన్ని నోరు తెరిచింది. ఈసారి ముడి పడలేదు. "నాకేం తెలుసు బాబుగారూ? నేను చూస్తన్నాను" అంది.

అంతలో బంతి ఎవరి చేతికో తగిలి గీత దాటి ఆయన మీదికే వచ్చింది. "సార్, పట్టుకోండి!" అని కేకేసింది పొడుగమ్మాయి. పట్టుకోవాలంటే రెండు చేతులూ కావాలి. ఆయన చేతిలో కాగితం జారిపోయింది. బంతి వచ్చి పొట్టకు తగిలి, చేతుల్లో నిలిచింది.

తూకమాయన దాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు. రెండు చేతుల్తో ఎత్తి చూశాడు.

"ఇంత బరువుంటుందా ఇది?" అన్నాడు.

"ఇటెయ్యండి సార్! ఇటు, ఇటు!" అని డెబ్భైమందీ చేతులు చాచి ఒక్కసారే అరుస్తున్నారు. బంతి పట్టుకుని, ఎటెయ్యాలో తెలియక, తూకమాయన అలాగే నిలబడ్డాడు.