వెల్లగొడుగు కింద కాపురం

ఆ రాజ్యం ఏ దేశంలో ఉండేదో మా అమ్మమ్మ చెప్పలేదు, నేనూ అడగలేదు. ఒకానొక రాజ్యమే అనుకుందాం. దాన్ని జయకంఠీరవుడనే రాజు ఏలేవాడు. మనిషి చెడ్డవాడు కాదు కానీ, తానంటే తనకే మహా భక్తి. భోజనానికి కూర్చుంటే ముందు భట్రాజు ఆయన బిరుదులన్నీ చదవాలి. అవి పూర్తయ్యేసరికి వడ్డించిన అన్నం చల్లారిపోయేదట.

ఆ రాజుకి ఒక వెల్లగొడుగు ఉంది. తెల్లపట్టు, వెండి పిడి, అంచున ముత్యాల కుచ్చులు. ఏటా విజయదశమినాడు దాని నీడన జమ్మిచెట్టు దాకా ఊరేగి వెళ్తేనే ఆయనకి పండుగ జరిగినట్టు.

గొడుగు పట్టేవాడు గవరయ్య. వానలు వెలిశాక పట్టుకి చెమ్మ పోవాలని గొడుగు విప్పి, సామాను కొట్టు వసారాలో దూలానికి వేలాడదీశాడు. అంతలో వాడికి జ్వరం తగిలి మంచం పట్టాడు. నెల్లాళ్ళకి లేచి వచ్చి చూసేసరికి గొడుగు లోపల, ఊచల సందున, పిచ్చుక గూడు! గూట్లో ఇంకా కళ్ళు తెరవని పిల్లలు. ఎర్రటి నోళ్ళు బార్లా తెరుచుకుని ఒకటే అరుపు.

సామాను కొట్టు అధికారి అది చూసి మండిపడ్డాడు.

"ఏరా గవరయ్యా, రాజుగారి గొడుగా ఇది, పిట్టల పందిరా? లాగి అవతల పారెయ్!"

"రెక్కలొచ్చేదాకా ఓపిక పట్టండి బాబూ. గొడుగు ముడిస్తే నలిగి చచ్చిపోతాయి. పసిగుడ్లు."

"ఎల్లుండి దసరా. రేపు సాయంత్రానికి గొడుగు శుభ్రంగా నా ముందుండాలి. లేకపోతే నీ కొలువు ఊడిందే అనుకో."

గవరయ్య గూడు వైపు చెయ్యి చాపాడు. తల్లి పిచ్చుక పారిపోలేదట. పిల్లల మీద రెక్కలు పరిచి కూర్చుని, వాడి కళ్ళలోకే చూసిందట. ఇక వాడికి చెయ్యి ఆడలేదు. తిన్నగా ఆస్థాన విదూషకుడు పేరిభట్టు ఇంటికి పరుగెత్తాడు.

"అయ్యగారూ, ఆ పాపం నా చేత కాదు. కొలువు పోతే నా పిల్లల గతేమిటో కూడా చెప్పండి."

పేరిభట్టు అంతా విని, "నువ్వు వెళ్ళి ఆ గొడుగు దగ్గరే కూర్చో. మిగతాది దేవుడూ నేనూ చూసుకుంటాం" అన్నాడు.

మర్నాడు నిండు కొలువులో పేరిభట్టు ఉత్తరీయంతో కళ్ళు ఒత్తుకుంటూ నిలబడ్డాడు.

"ఏమిటి భట్టూ, మళ్ళీ ఏం వేషం?" అన్నాడు రాజు.

"వేషం కాదు ప్రభూ. ఒక బీద ఇల్లాలు ఏలినవారి నీడ నమ్ముకుని వచ్చింది. ఆలూమగలు పుల్లా పుడకా ఏరుకుని తలదాచుకున్నారు. పిల్లలు ఇంకా కళ్ళైనా తెరవలేదు. మీ కొలువులోని ఒక పెద్దమనిషి ఈ సాయంత్రానికి వాళ్ళని ఈడ్చి పారెయ్యమన్నాడు."

రాజు సింహాసనం మీంచి లేచాడు. "నా నీడకి వచ్చినవాళ్ళనా?"

"మీ వెల్లగొడుగు నీడకే ప్రభూ. కాకపోతే వాళ్ళ కులగోత్రాలేవీ ఎవరికీ తెలియవు."

"నీడ కోసం వచ్చినవాళ్ళని చెట్టు కులగోత్రాలు అడుగుతుందా? నేను చెట్టు కన్నా తక్కువా? నా వెల్లగొడుగు నీడన ఉన్న ప్రాణిని కదిలించినవాడికి ఈ రాజ్యంలో చోటు లేదు. ఇప్పుడే దండోరా వేయించండి!"

సభంతా జేజేలు కొట్టింది. సామాను కొట్టు అధికారి మాత్రం మెల్లగా స్తంభం చాటుకి జరిగాడు. డప్పు నాలుగు వీధులూ తిరిగాక రాజు అన్నాడు: "పద, ఆ ఇల్లాలిని చూపించు."

పేరిభట్టు తిన్నగా సామాను కొట్టు వసారాకి తీసుకెళ్ళి, గొడుగులోకి వేలు చూపించాడు.

రాజు తలెత్తి చూశాడు. ముఖం జేవురించింది.

"పిచ్చుకలా! దీనికా దండోరా వేయించావు?"

"వేయించింది తమరే ప్రభూ. వద్దంటే, డప్పువాడు ఇంకా వీధి చివరే ఉన్నాడు. పిచ్చుకని చూసి రాజుగారు మాట మార్చుకున్నారని మరో దండోరా వేయించమంటారా?"

రాజు పళ్ళు నూరాడు. "రేపు ఎండలో ఉత్త నెత్తితో ఊరేగనా? గొడుగు లేనివాణ్ణి జనం రాజంటారా?"

"గొడుగు కింద నడిచే రాజులు మన చుట్టుపక్కల ఎందరో ఉన్నారు ప్రభూ. పసిగుడ్లకి గొడుగిచ్చి తాను ఎండలో నడిచిన రాజు ఒక్కడూ లేడు."

రాజు మీసం మీదికి చెయ్యి పోయింది. ఇంతలో పైనుంచి టప్పున ఏదో రాలింది. రాజుగారి జరీ ఉత్తరీయం మీద పిచ్చుక రెట్ట!

గవరయ్య పైప్రాణాలు పైనే పోయాయి. రాజు భుజం వంక చూసుకున్నాడు. గూటి వంక చూశాడు. పెదవులు అదిరాయి. ఆపైన వసారా దద్దరిల్లేలా నవ్వాడు.

"చూశావా భట్టూ, నా నీడన ఉన్నందుకు అప్పుడే పన్ను కట్టేసింది! నా ఊళ్ళో ఇంత తొందరగా కట్టేవాడు ఒక్కడూ లేడు."

ఆ ఉత్తరీయమే తీసి పేరిభట్టు భుజాన కప్పాడు. "ఇదిగో నీ బహుమానం. ఉతికించుకో." చేతి కంకణం తీసి గవరయ్యకిచ్చాడు. "నీ కొలువెక్కడికీ పోదు. పిల్లలకి రెక్కలొచ్చేదాకా కాపలా నీదే. పిల్లి వస్తే నిన్నే అడుగుతాను."

విజయదశమినాడు రాజు ఎండలోనే బయల్దేరాడు. మేళగాళ్ళు వసారా పక్కన నిలబడి సన్నాయి ఎత్తబోయారు. రాజు చెయ్యెత్తి ఆపాడు.

"కోట గుమ్మం దాటాక వాయించండి. ఇక్కడ పసిపిల్లలున్నారు."