ఎక్కడ కాల్చినా పొగ ఒకటే

ఇప్పపూలు రాలే కాలమొస్తే ఎలుగుబంటికి కాలు నిలవదు. ఎండుటాకుల మధ్య పూలు కనబడవని చెట్ల కింద నిప్పు పెడుతుంది, నేల నల్లబడ్డాక రాలిన పూలన్నీ హాయిగా ఏరుకుంటుంది. జంతువుకు నిప్పెక్కడిదని నన్నడక్కండి, ఆ కొండమీద ఉంది. దాని తాత ఒక్క చెట్టు కింద కాల్చేవాడు. ఇది వంద చెట్ల కింద కాలుస్తోంది.

కొండ కింద ఊటమడుగులో కప్ప ఉంది. దాని పిల్లలు ఇంకా తోకలతో ఈదే పసికూనలు. కాళ్ళు మొలిచేదాకా మడుగులో నీళ్ళుంటే బతుకుతాయి, లేదంటే లేదు. పోయినేడు పుట్టిన పిల్లలు బురదలోనే ఎండిపోయాయి. అందుకే ఈ ఏడు కప్ప కుదురుగా కూర్చోలేక, గడియకోసారి నీళ్ళు చూసుకుంటోంది.

మడుగు పక్కన బండమీద తాబేలు ఏటా నీళ్ళ మట్టం దగ్గర ఒక గీత గీస్తుంది. "ఆకులు కాలిస్తే కొండ వేడెక్కుతుంది, వాన నేలలో ఇంకదు, ఊట ఎండుతుంది" అని మొదట దాని ముత్తవ్వ అంటే అందరూ నవ్వారు. తర్వాత దాని తల్లి గీతలు మొదలెట్టింది. ఇప్పటికి అరవై గీతలు. ఒకటీ రెండూ తప్ప, ప్రతిదీ ముందు దానికంటే కిందే.

దీనికోసం ఏటా సభ జరుగుతుంది. సభంటే నక్కకు ప్రాణం. పెద్దమనిషి అదే, విందులో మొదటి ముద్దా దానిదే.

మొదటి సభలో నక్క బండ చుట్టూ తిరిగి, "తాబేలువి పొట్టి కాళ్ళు. గీతలు కిందికి కాక పైకి పడతాయా?" అంది. అందరూ పగలబడి నవ్వి, తేనె తాగి ఇళ్ళకు పోయారు. ఇంకో ఏడు, "ఎండాకాలమన్నాక ఎండదూ?" అంది. ఆ పై ఏడు, "నిజమే, ఏదో ఒకటి చెయ్యాలి. వచ్చే సభలో చూద్దాం" అంది. ఇల్లు కాలి ఒకడేడుస్తుంటే చుట్టకు నిప్పడిగాడట ఇంకొకడు!

ఈ ఏడు సభలో కప్ప ఏడ్చేసింది. "సభలు చాలు బాబూ, మంటలు ఆపండి!"

"ముందు ఎలుగును ఆపమను" అంది ముళ్ళపంది. "వాళ్ళ తాతల నాటి నుంచి కాల్చుకుని బలిసింది. నేను నిన్నగాక మొన్న మొదలెట్టా. నన్నూ ఆపమంటే ఎట్లా?"

"మా చెట్ల పూల కోసం మేం కాల్చుకుంటే మీకేంటి?" అని ఎలుగు గుర్రుమంది.

నక్క గొంతు సవరించుకుంది. "కొట్టుకోకండి. తలకు పది మంటలు. ఎక్కువ కావాల్సినవాళ్ళు కాల్చనివాళ్ళ వాటా తీసుకోవచ్చు. ఎక్కడ కాల్చినా పొగ ఒకటే!"

"నేనెన్నడూ నిప్పు ముట్టలేదు. నాకూ పదేనా?" అంది కప్ప.

"నీకూ పదే తల్లీ! అందరం సమానం."

విందు ముగిసింది. నక్క పొట్ట నిమురుకుంటూ గుహలోకి పోయి పడుకుంది. ఎలుగు నేరుగా కప్ప దగ్గరకొచ్చింది. "కోడలా, నీ వాటా నాకియ్యవూ?"

కప్ప నక్క గుహ వైపు చూసింది. "ఇస్తా మామా. ఒక్కటే షరతు. నక్క గుహ ముందు పెద్ద ఇప్పచెట్టుంది చూడు, పదీ అక్కడే వెలిగించాలి."

నక్క ఎన్నడూ దగ్గరికి రానివ్వని చెట్టది. ఎలుగు గంతేసుకుంటూ పోయింది.

తాబేలుకు భయం వేసింది. "ఇంకో పది మంటలా, పిల్లా?"

"ఎలాగూ కాలుస్తారవ్వా" అంది కప్ప. "ఆ పొగ తగలాల్సిన ముక్కుకు తగలనీ."

కాసేపటికే గుహ నిండా పొగ. నక్క దగ్గుతూ, కళ్ళు మండిపోతూ, తోక కాళ్ళ మధ్య పెట్టుకుని బయటికి ఉరికింది. "ఎవడ్రా నా ఇంటిముందు?"

"నువ్వు పెట్టిన రూలే బావా" అంది ఎలుగు. "ఇవి కప్ప మంటలు."

"ఆపు! ఆర్పు! సభ, ఇప్పుడే సభ!"

ఆ సభకు విందు లేదు, ఉపన్యాసం లేదు. ఆకులు ఊడ్చి పక్కకు నెట్టుకుని పూలేరుకోవాలి, నిప్పు ముట్టరాదు అని ఒక్క గుక్కలో తేలిపోయింది. "అంతేనా! నాకు చేతుల్లేవా ఊడ్చడానికి?" అంది ఎలుగు.

కప్ప అక్కడ ఆగలేదు. మడుగుకు పరుగెత్తింది. నీళ్ళు విస్తరాకంత మిగిలాయి. సగం పిల్లలు కాళ్ళొచ్చి ఒడ్డుకు గెంతాయి. మిగతా సగం అందులోనే ఉన్నాయి, వానకు ఇంకా నెల ఉంది.

నక్క మాత్రం వాచిన కళ్ళతో గుహ బయట కూర్చుని, వచ్చేపోయేవాళ్ళతో "మంటలు ఆపించింది నేనే" అని చెప్పుకుంటోంది. ఎవరూ విందు పెట్టలేదు.

నీతి: పక్కవాడి మడుగెండితే సభ పెట్టేవాడు, తన గుహలో పొగొస్తేనే పనిలోకి దిగుతాడు.